ఇష్టం వేరు, నమ్మకం వేరు

(ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినం నాడు నెల్లూరులో ఒక పాత స్టూడియో ఫొటోగ్రాఫర్ కుర్రకారుతో మాట్లాడిన మాటలు. ఫోనులో రికార్డు చేసి, దాదాపు ఉన్నదున్నట్టు రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం దూరం జరుపు నాయనా, గుయ్యిమంటోంది. ఆ... ఇప్పుడు బాగుండాది.

ఇందాక డాగ్యుర్ గారి పటానికి దండ వేశాం, వెండి రేకు మీద ఫొటో తీసే పద్ధతి కనిపెట్టిన ఫ్రెంచాయన. 1839లో ఇదే రోజున ఆయన పద్ధతిని పారిస్‌లో లోకానికి చెప్పారు, అందుకని ఏటా వేస్తాం. దండ పడేటప్పుడు పది ఫోన్లు లేచినయ్. నేనేం తప్పు పట్టడంలా. ఆయనే ఉంటే ఆయనా ఫోనే ఎత్తేవాడు. వెండి పూత రేకుని పాదరసం ఆవిరి మీద కాచే పని తప్పిందిరా దేవుడా అనుకునేవాడు.

నన్ను పిలవడానికి వచ్చిన అబ్బాయి షాపులో కూర్చుని ఒకటే మాట అడిగాడు. "పెదనాన్నా, పాత ఫిల్ము కెమెరాల్లో ఏది బెస్టు? ఒక్క పేరు చెప్తే కొనేస్తాం." ఒక్క పేరు చెప్పి కూర్చుంటే మీరు తెప్పించిన టీ, బిస్కెట్ల ఖర్చు దండగ కదా. అందుకని ఈ గుడ్డసంచి మోసుకొచ్చా. బల్ల మీద పెడతా ఉండా, చూడండి. అగ్ఫా క్లిక్ త్రీ. యాషికా మ్యాట్ 124జీ. జెనిట్ ఈ. నికాన్ ఎఫ్ఎమ్2. ఈ ఐదోదాని పేరు చెప్పను. ఎందుకు చెప్పనో కాసేపాగితే మీకే తెలుస్తుంది.

ముందు క్లిక్ త్రీ. మన దేశంలోనే తయారైంది, మీ ఇళ్ళల్లో అటక మీద వెతికితే ఇప్పటికీ దొరకొచ్చు. 120 రోలు వేస్తే 12 ఫొటోలు. ఒకటే స్పీడు, అంటే షట్టరు తెరుచుకుని మూసుకునే వేగం. ఎండకి, మబ్బుకి ఒక చిన్న మీట. వెనకాల ఎర్ర అద్దం కిటికీ, అందులో ఫిల్ము కాగితం మీది నంబరు కనపడేదాకా తిప్పుకోవాలి. తిప్పడం మరిచిపోయామా, దీనికేం పట్టింపు లేదు, మళ్ళీ నొక్కినా క్లిక్కుమంటుంది. మా నాయన ఒకసారి అట్టనే మరిచిపోయి, ఒకే ఫ్రేములో మా మేనమామనీ, ఆయన కొన్న ఎద్దునీ కలిపి తీశాడు. (నవ్వులు) ఎద్దుకి మామ మీసాలొచ్చినయ్. ఆ ఫొటో కోసం ఇంట్లో ఇప్పటికీ తగువే, నాకు కావాలంటే నాకు కావాలని.

మైపాడు బీచిలో మా అమ్మని మా నాయన తీసిన ఫొటో కూడా దీంతోనే. సముద్రం ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది, గాలికి లేచిన చీర చెంగు సగం ఫొటోని మింగేసింది. ఫొటోగ్రాఫర్‌గా నేను మార్కులు వేస్తే నూటికి ఇరవై. ఈ కెమెరా అంటే నాకు ప్రాణం. కానీ దీన్ని మెళ్ళో వేసుకుని ముహూర్తానికి పొమ్మంటే పోను. ఇష్టం వేరు, నమ్మకం వేరు. కుర్రోళ్ళు కెమెరా కొనేటప్పుడు ఈ రెండూ కలిపేసుకుంటున్నారు, నా గొడవంతా అదే.

పెళ్ళికి పోయే కెమెరా సంగతి వేరు నాయనా. తాళి ఒక్కసారే కడతారు. "అయ్యా, సరిగా రాలేదు, మళ్ళీ కట్టండి" అంటే పంతులు ఊరుకున్నా పెళ్ళికూతురి నాయన ఊరుకోడు. అందుకని నేను పాతికేళ్ళు మోసింది ఈ యాషికా మ్యాట్‌ని. 1970లో వచ్చిన మోడలు, 1986 దాకా చేశారు. నాది 1981లో మద్రాసులో సెకండ్‌హ్యాండులో కొన్నా. పైన చూసే లెన్సు, కింద తీసే లెన్సు. ఆంధ్ర దేశంలో ఒక తరం పెళ్ళి ఆల్బాలు చాలా మటుకు ఇట్టాంటి రెండు కళ్ళ కెమెరాలతోనే పుట్టినయ్. ఎందుకంటారా? దీని షట్టరు లెన్సు మధ్యలోనే ఉంటుంది, రేకులు పూవులాగా విచ్చుకుని మూసుకుంటాయి. అందువల్ల ఏ స్పీడులోనైనా ఫ్లాష్ కలుస్తుంది. పట్టపగలు పందిట్లో, వెనకాల ఎండ మండిపోతా ఉన్నా, 1/250 సెకను స్పీడు పెట్టి ఫ్లాష్ కొట్టొచ్చు. ఆ రోజుల్లో చాలా 35 ఎంఎం కెమెరాల్లో 1/60 దాటితే సగం ఫొటో నల్లగా వచ్చేది.

ఇబ్బందులూ ఉండాయి. 12 ఫొటోలకి రోలు అయిపోతుంది. జీలకర్ర బెల్లం దగ్గర పదకొండో నంబరులో ఉన్నామంటే చెమటలే. నేను ఎనిమిదో తొమ్మిదో ఫొటో దగ్గరే రోలు తిప్పేసి కొత్తది ఎక్కించేవాణ్ణి, మిగిలిన ఫిల్ము పోతే పోయింది. రెండోది, పైనుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారు. పెళ్ళికొడుకు కుడికి పోతే అద్దంలో ఎడమకి పోతాడు. ఆర్నెల్లు పట్టింది నాకు అలవాటు కావడానికి. అలవాటయినాక ఒక సుఖం ఉండాది. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర ఎంత జనమో మీకు నేను చెప్పాలా? ఆ జనంలో కెమెరాని తలకిందులుగా నెత్తి మీదికి ఎత్తి, కింద నుంచి మెడ వాల్చి అద్దంలోకి చూస్తే అందరి తలల మీద నుంచీ నీళ్ళల్లో రొట్టెలు మార్చుకునే వాళ్ళు కనపడతారు. మీ ఫోన్లకి ఇప్పుడు సెల్ఫీ కర్ర కావాల్సి వస్తోంది.

ఇంగ ఈ పేరు చెప్పని కెమెరా. ఇది ఎలక్ట్రానిక్ షట్టరుది. బ్యాటరీ సెల్లు లేకపోతే షట్టరే కదలదు. చూడ్డానికి భలేగా ఉంటుంది, చేతిలో ఇమిడిపోతుంది, ఫిల్ము మీద ఎంత వెలుతురు పడాలో అదే లెక్క కట్టుకుంటుంది. బుచ్చిరెడ్డిపాళెం పక్కన ఒక పల్లెలో పెళ్ళి, రాత్రి రెండున్నర దాటాక ముహూర్తం. అప్పటికి ఏడాదిగా ఇది ఒక్క ఫొటో కూడా చెడగొట్టలేదు. గట్టిమేళం అన్నారు, సన్నాయి లేచింది, అక్షింతలు లేచినయ్. నొక్కా. ఏం లేదు. మళ్ళీ నొక్కా. కొయ్యముక్కని నొక్కినట్టుండాది. స్పేరు సెల్లు ఉండాది నా దగ్గర, యాడుండాది? ఇంట్లో, పొద్దున విప్పేసిన చొక్కా జేబులో!

మా తమ్ముడు, అంటే నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు, కుర్చీ ఎక్కి యాషికాతో పక్క నుంచి ఒకటి కొట్టాడు. వాడికింకా కుడి ఎడమలు కుదరలేదు, అందుకని పెళ్ళికొడుకు మోచెయ్యి తెగిపోయింది, పంతులు గారి బట్టతల మాత్రం నిండుగా పడింది. కానీ తాళి, ఆ మూడు ముళ్ళ వేళ్ళు, పెళ్ళికూతురు వంచిన తల, మూడూ పడినయ్. వాళ్ళు పెద్దసైజు వేయించుకున్నది దాన్నే. ఈ కెమెరా పేరు ఎందుకు చెప్పనంటే, తప్పు దానిది కాదు. సెల్లు మార్చని వెధవది. ఇప్పుడు పేరు చెప్తే రేపటి నుంచి మీరు దాన్ని తిడతారు.

కానీ ఆ రాత్రి నాకొకటి అర్థమైంది. నమ్మకమైన వస్తువంటే చెడిపోని వస్తువని అనుకునేవాణ్ణి. చెడిపోనిదేముంది లోకంలో? చెడిపోయే ముందు మనతో చెప్పేది నమ్మకమైంది. ఇది చివరి ఫొటో దాకా నూటికి నూరు పనిచేసి, ఆ తరవాత సున్నా. మధ్యలో తొంభై లేదు, యాభై లేదు. యాషికా అట్ట కాదు. గొణుగుతుంది, మొరాయిస్తుంది, నెలల తరబడి సణుగుతుంది. వినే చెవి ఉంటే చాలు.

వినిపిస్తా ఉండండి. ఫ్యాను కాసేపు ఆపండమ్మా. మైకు ఇటివ్వు. ఒక సెకను స్పీడు పెడతా ఉండా. (కెమెరా శబ్దం) విన్నారా? జుయ్‌య్‌య్... టక్. లోపల చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి, షట్టరు మూసుకోకుండా సెకను పాటు పట్టి ఉంచేవి అవే. వాటిలో నూనె ముదిరి జిగురైతే ఆ జుయ్‌య్ మధ్యలో తడబడుతుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది. సెకను, అరసెకను దగ్గర తడబడటం మొదలైందంటే ఇంకా పెద్ద స్పీడుల దాకా రాలేదు కాబట్టి మనకి వ్యవధి ఉన్నట్టు. అప్పుడు మద్రాసు బండెక్కాలి. మన ఊళ్ళో ఇంకో తిప్పలు, ఎండాకాలం. మే నెలలో మూసిన కారులో కెమెరా వదిలేస్తే నూనె పలచబడి పాకుకుంటా పోయి షట్టరు రేకుల మీదికి చేరుతుంది. రేకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కారులో పసిబిడ్డని వదలం కదా, దీన్ని కూడా వదలమాకండి.

పెద్ద స్పీడులు చెవికి అందవు. 1/250కీ 1/500కీ తేడా ఎవరూ వినలేరు, విన్నానన్న వాణ్ణి నమ్మమాకండి. దానికి మద్రాసులో నాకు రిపేరు నేర్పిన సాయిబు గారు ఒక ఉపాయం చెప్పారు. టీవీ. ఇప్పటి పలకల్లాంటివి కాదు, వెనకాల బొజ్జ ఉండే పాత పిక్చర్‌ట్యూబు టీవీ. మన దేశం టీవీలో ఆ బొమ్మని గీసే చుక్క సెకనుకి 50 సార్లు పై నుంచి కింద దాకా గీతలు గీసుకుంటా దిగుతుంది. అంటే ఒక్క దిగుడుకి 1/50 సెకను. కార్యక్రమం ఏదీ రానక్కర్లేదు, తెర తెల్లగా వెలిగితే చాలు. గది చీకటి చేసి, కెమెరాలో ఫిల్ము లేకుండా వెనక మూత తీసి, టీవీ వైపు పెట్టి అందులోంచి చూస్తా నొక్కాలి. 1/125 సరిగా ఉంటే తెర ఎత్తులో అయిదింట రెండు వంతుల మందాన వెలుగు పట్టీ కనపడుతుంది. 1/250కి అయిదో వంతు. 1/500కి పదో వంతు, సన్నగా జరీ అంచులాగా. ఇప్పుడు మీరు 1/500 పెట్టారు, అయిదో వంతు పట్టీ వచ్చింది. అంటే దాని మొహాన 1/500 అని రాసి ఉండాదే గానీ అది నడిచేది 1/250లో. మంచిదే, తెలిసింది కదా! ఇంగ దానికి తగ్గట్టు ఒక స్టాపు, అంటే వెలుతురు సగమయ్యేట్టు, లెన్సు మూసుకుంటే సరి. ఆ కెమెరాని నేను పారెయ్యను. అబద్ధం ఎంత చెప్తుందో తెలిసినాక ఆ అబద్ధాలకోరుతో కాపురం చెయ్యొచ్చు. (నవ్వులు)

జెనిట్ లాంటి గుడ్డ కర్టెన్ షట్టరు అయితే, అంటే ఫిల్ము ముందు రెండు గుడ్డ తెరలు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తేది, లెన్సు విప్పేసి చూడండి. పట్టీ ఏటవాలుగా వస్తుంది, ఎందుకంటే కర్టెన్ అడ్డంగా పరిగెత్తుతుంది, టీవీ గీత కిందికి దిగుతుంది. పట్టీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందంలో ఉంటే మంచిది. ఒక కొస సన్నబడిందంటే వెనక కర్టెన్ ముందుదాన్ని తరుముకుంటా పోతోందన్నమాట. అప్పుడు ఫొటోలో ఒక పక్క నల్లబడుతుంది.

జెనిట్ పేరెత్తా కాబట్టి దాని సంగతి చెప్పాలి. మీరంతా దీన్ని చూసి నవ్వుతారు, బరువు, మొరటు, ఇటికరాయి అంటారు. నిజమే. రష్యావాళ్ళు 30 లక్షలకి పైగా చేశారు ఈ మోడలు. మన దేశానికి కూడా బాగానే దిగినయ్. దీంట్లో ఎన్ని స్పీడులు? 30, 60, 125, 250, 500. అంతే, ఇంకొకటి బి, నొక్కి ఉంచినంతసేపూ షట్టరు తెరిచి ఉండేది. సెకను లేదు, అరసెకను లేదు. కాబట్టి ఇందాక చెప్పిన ఆ పళ్ళచక్రాల జబ్బు దీనికి రాదు. లేని అవయవానికి రోగమేముంటుంది? వెలుతురు కొలిచే మీటరు సెలీనియంది, వెలుతురుతోనే ముల్లు కదులుతుంది, సెల్లు అక్కర్లేదు. ముసలిదై కళ్ళు మసకబారితే మాత్రం తప్పు చెప్తుంది. దీని 58 ఎంఎం హీలియోస్ లెన్సు కోసం ఇప్పుడు కుర్రాళ్ళు ఎగబడతా ఉండారు, వెనకాల ఆకులన్నీ సుడి తిరిగినట్టు వస్తాయని. మా రోజుల్లో ఆ సుడిని చూసి కస్టమరు డబ్బు తగ్గించేవాడు.

ఎఫ్ఎమ్2 గురించి ఎక్కువ చెప్పను. 1982లో వచ్చింది, 1/4000 దాకా పోతుంది, షట్టరు పూర్తిగా మెకానికల్, సెల్లు మీటరుకి మాత్రమే. సెల్లు చచ్చినా ఫొటో ఆగదు. ఈ బల్ల మీద అన్నిటికంటే నమ్మదగింది ఇదే, నిస్సందేహంగా. మంచి అల్లుడు లాంటిది. ఒక్క వంక పెట్టలేం. కానీ నేనెందుకో దాన్ని చేతిలోకి తీసుకుని ఊరికే తుడుచుకుంటా కూర్చోలేను.

(సభలోంచి ఎవరో ఏదో అడిగారు.)

ఏ కెమెరా ఎట్ట పోతుందా? వింటా పోండి. కానన్ ఏఈ-1, 1976ది, దాన్ని నొక్కినప్పుడు కీచుమని దగ్గితే అద్దం దగ్గర చక్రంలో నూనె ఎండిందని అర్థం, బాగు చెయ్యొచ్చు, భయపడమాకండి. మినోల్టా ఎక్స్-700లో కెపాసిటర్లు పోతాయి, రీలు తిప్పుడు పడక బిగుసుకుంటుంది. ఒలింపస్ ఓఎమ్-1లో ప్రిజమ్ మీద పెట్టిన నురగముక్క కరిగి వెండిపూతని తినేస్తుంది. హాసెల్‌బ్లాడ్‌లో బాడీకి కీ ఇచ్చి ఉండగా, కీ ఇవ్వని లెన్సు తగిలిస్తే బిగుసుకుపోతుంది. ఇవన్నీ పేరున్న జబ్బులు. పేరున్న జబ్బుకి మందు ఉంటుంది. వెనక మూత చుట్టూ ఉండే నల్ల నురగ అయితే చాలావాట్లో తారులాగా కరుగుతుంది, వేలు పెట్టి చూసి కొనండి.

మీటరు సంగతొకటి. మ్యాట్ 124జీకి పాదరసం సెల్లు వేసేవాళ్ళు, 1.35 వోల్టులది. అవి ఆపేశారు. ఇప్పుడు దొరికే 1.5 వోల్టులది వేస్తే ముల్లు తప్పు చూపిస్తుంది. నేను మీటరునే మరిచిపోయా. నెల్లూరు ఎండకి మీటరెందుకండీ? 100 నంబరు ఫిల్ము, లెన్సు కన్నం 16 స్టాపు, స్పీడు 1/125. మబ్బు పడితే 8. ఊటీలో చేసిన ఇందు ఫిల్ము వాడిన కాలం నుంచీ ఇదే లెక్క.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరకొస్తా. ఫంగస్, అంటే లెన్సుకి పట్టే బూజు. 1989 నవంబరులో తుఫాను. కావలి దగ్గర తీరం దాటింది, పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. రెండో రోజు ఈ యాషికా తీసుకుని కావలి వైపు పోయా. బస్సులు లేవు, సగం దూరం నడకే. పడిపోయిన తాటిచెట్ల కింద నుంచి దూరి, నడుం లోతు నీళ్ళల్లో కెమెరాని నెత్తిన పెట్టుకుని పోయాం. కరెంటు లేదు, యాడా పొడి గుడ్డ లేదు. లెన్సు తుడవడానికి బనియను కూడా తడే. ఆరు రోలు తీశా, 72 ఫొటోలు. ఒక్కటి పోలేదు. ఇంటికొచ్చి ముచ్చటపడి, బాగా తుడిచి, దాని తోలు సంచిలో పెట్టి, గుండీ బిగించి, బీరువాలో దాచా. నాలుగు నెలలు పెళ్ళిళ్ళకి వేరేదాంతో పోయా. ఆ తరవాత తీసి వెలుతురుకి ఎత్తి చూస్తే లెన్సులో సాలెగూడు. సన్నని దారాలు, మధ్య నుంచి అంచుకి పాకినయ్.

తుఫానుకి చావని కెమెరాని నేను బీరువాలో చంపా. తోలు సంచి తేమని పట్టి ఉంచుతుంది, చీకటి, గాలి ఆడదు, ఫంగస్‌కి అంతకన్నా ఏం కావాలి? మద్రాసులో విప్పించి తుడిపిస్తే దారాలు పోయినయ్ గానీ, అద్దం మీద పూతని అది తిన్న చోట మచ్చ ఉండిపోయింది. ఇదిగో, ముందుకొచ్చి ఈ టార్చి వేసి చూడండి. ఎడమ పక్క అంచున, బియ్యపుగింజంత. దీపానికి ఎదురుగా తీస్తే ఇప్పటికీ ఆ పక్క కొంచెం పాలిపోతుంది. సముద్రపు గాలి ఊరు మనది. తోలు సంచులు చూసుకోవడానికి పక్కన పెట్టుకోండి. కెమెరాని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టి, వారానికొకసారి బయటికి తీసి నాలుగుసార్లు నొక్కండి. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో చెప్తా ఉంటారు. తవుడు లెన్సులోకి పోతుంది, మాకండి.

ఆఁ, చెప్పమ్మా. లేచి అడుగు.

(ప్రశ్న: "మా తాతయ్య క్లిక్ త్రీ ఇంట్లో ఉంది. కొత్తది కొనాలా, దాన్నే వాడాలా?")

ఒక రోలు దాంట్లోనే వెయ్యమ్మా. 12 ఫొటోలు. నాలుగు వచ్చినా చాలు. ఆ నాలుగు చూసినాక నీకేం కావాలో నువ్వే చెప్తావు. దానికి స్పీడు చాలదనిపిస్తే యాషికా వైపు రా. అది చాలనిపిస్తే డబ్బు మిగిలినట్టే. మీ తాతయ్య ఉన్నారా? ఉండారా! అయితే ఇంగ నన్నెందుకు అడుగుతావు, ఆయనకి కెమెరా చేతికిచ్చి పక్కన కూర్చో.

(ప్రశ్న: "వీటిల్లో ఏదైనా అమ్ముతారా?")

అదీ అడగాల్సిన మాట. (నవ్వులు) క్లిక్ త్రీ అమ్మను, మా అమ్మ ఉండాది దాంట్లో. మ్యాట్ అమ్మితే మచ్చతో సహా కొనాలి. జెనిట్, ఎఫ్ఎమ్2 ఎవరికైనా సరదా ఉంటే షాపుకి రండి, పదింటి తరవాత, బేరం ఆడుకుందాం. పేరు లేనిది ఊరికే ఇస్తా, సెల్లు మీదే.

ఆ పాత టీవీని మాత్రం అడగమాకండి. షాపులో వెనక గదిలో ఉండాది. పాత సామాన్లవాడు వీధిలో కేకేసినప్పుడల్లా మా ఆవిడ దాని వైపు, నా వైపు చూస్తుంది. పోయిన నెల నుంచి వెలగడానికి మూడు నిమిషాలు తీసుకుంటోంది. రేపు అది ఆగిపోతే 1/500 ఎంత నిజమో చెప్పడానికి నా దగ్గర ఇంకేం లేదు. మీ ఇళ్ళల్లో అట్టాంటిది ఎవరైనా బయట పెడతా ఉంటే, పారెయ్యకుండా నాకొక ఫోను కొట్టండి, ఆటో నేనే మాట్లాడుకుంటా.